పిల్లర్ నంబర్ నూట తొంభై ఒకటి

అత్తాపూర్ దాటినంక, ఫ్లైఓవర్ నీడల
సప్పుడు లేకుంట ఆగింది బండి.
దగ్గలేదు, గురక పెట్టలేదు, పొగ ఇడ్వలేదు.
నిద్రల పోయినోళ్ళ లెక్క పోయింది.
స్టీరింగ్ ముందట పసుపు దీపం ఒకటి
ఇంజన్ బొమ్మేసుకొని కూసుంది,
ఎందుకాగిందో మాత్రం చెప్పదు.

వైదేహి మేడంకు ఎయిర్‌పోర్ట్ టైమైతుంది.
ఆటో ఆపి ఎక్కిచ్చిన. పోతపోత అన్నది:
"ముప్పై ఏండ్ల డ్రైవర్‌వి గదా రాజలింగం,
నీకు గూడ తెల్వదా?"

బానెట్ లేపిన.
లోపల నల్ల ప్లాస్టిక్ మూత,
లంచ్ టైంల సర్కారు కౌంటర్ లెక్క.
నాకు ఇడిసిపెట్టినవి రెండే:
అద్దాలు కడిగే నీళ్ళకు నీలి మూత,
ఆయిల్ చూసే పసుపు పుల్ల.
గంతే నా హద్దు.

అంబాసిడర్ నడిపిన చేతులివి.
ఎండకాలం పెట్రోల్ పంపు ఉడికి మొండికేస్తే
తడి తువ్వాల చుట్టి, బీడీ అయిపోయేదాక కూసునేది.
ట్యాంకు కారితే బట్టల సబ్బు మెదిపి పూసేది.
రేడియేటర్‌కు చిల్లు వడితే
కిరాణా కొట్టుల పసుపు కొని నీళ్ళల్ల కలిపి పోసేది.
పాయింట్లకు మసి వడితే అగ్గిపెట్టె పక్క చాలు.
కార్బొరేటర్ జెట్టు నోట్లె వెట్టి ఊదిన నాడు
రాత్రి అన్నం గూడ పెట్రోల్ రుచే.
షాద్‌నగర్ కాడ బెల్టు తెగితే
పెండ్లికొడుకు భుజం మీది శెల్ల అడిగి ముడేసిన.
లగ్గం టైంకే దించిన.

దాచొద్దు గని,
ఆ బండి నెలకు నాలుగుసార్లు ఆగేది.
ఇది మూడేండ్లకు మొదటిసారి.
బాగు చేసుడొచ్చని మురిసినన్ని దినాలు
చెడిపోవుడు దాని అలవాటని యాదికి రాలే.

అప్పుడు బానెట్ లేస్తే చాలు
లారీ డ్రైవర్, మేకలు కాసే పిలగాడు,
సైకిల్ దిగిన బడిపంతులు
తలా ఒక చెయ్యి, తలా ఒక సలహా.
సగం సలహాలు తప్పే.
ఇయ్యాల నాలుగు దీపాలు మిణుకుమంటున్నా
ఒక్కడన్న అద్దం దించలే.
కోపం రాలే. దించి మాత్రం ఏం జేస్తరు?
వాళ్ళ బానెట్ల కింద గూడ అదే నల్ల మూత.

కంపెనీకి ఫోన్ చేస్తే తియ్యటి గొంతు:
"బండిని ముట్టుకోకండి సార్, వారంటీ పోతుంది."
ముట్టుకోకండి. రెండుసార్లు అన్నది.

యూనుస్ వచ్చిండు, ఇరవై రెండేండ్లుంటయేమో.
స్టీరింగ్ కింద తీగ గుచ్చి, ఫోన్‌ల చదివిండు.
"క్రాంక్ సెన్సర్ చాచా. బొటనవేలంత ముక్క.
ఎల్లుండికొస్తది."
నేను చెవి పెట్టి ఇనేదాన్ని వాడు తెర మీద చదువుతుండు.
అదీ విద్యే. కాదనను.

కారును గొలుసులేసి తన బండి మీదికి గుంజిండు.
పాత టాటా బండి. కీ తిప్పితే
'కిట్' అన్నది. అంతే. ఇంకోసారి 'కిట్'.
యూనుస్ నా దిక్కు చూసిండు.
నేను చెప్పులు ఇడ్చిన.

"సెకండ్ గేర్ల వెయ్! క్లచ్ తొక్కి పట్టు!
నేనన్నప్పుడే ఇడువు!"
భుజం ఆనిచ్చిన. ఇంచు కదల్లే.
చెరుకు రసం బండాయన చేతులు తుడ్సుకుంట వచ్చిండు.
ఇద్దరు ఆటోవాలాలు. హెల్మెట్ తియ్యకనే ఒక పిల్ల,
కాలేజీ బ్యాగు ముందలికి తిప్పుకొని.
ఎవల్నీ పిల్వలే నేను.
నెట్టుడు అందరికీ వస్తది.

"ఇడువ్!"
ఎగిరి పడ్డది బండి,
దగ్గింది, గురక పెట్టింది,
మా మొఖాల మీద ఇంత పొగ ఊదింది.

క్యాబిన్ల కూసున్న. అరచేతులకు గ్రీజు.
వెనుక, మా మీదికెక్కి, మెరుసుకుంట
మేడం కారు.
ఆరాంఘర్ దాక యూనుస్ ఏం మాట్లాడలే.
అప్పుడడిగిండు:
"చాచా, పసుపు పోస్తే
రేడియేటర్ కారుడు నిజంగ ఆగుతదా?"

ఆగుతది బేటా.
ఊరు చేరేదాక.